ఉదయం ఐదున్నరకు మారే తేదీ: డేటాబేస్‌లలో కాలం లెక్కలు

ఒక ఊరి పాల సేకరణ కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. రైతు పాలు పోసిన ప్రతిసారీ అక్కడి కంప్యూటర్‌లో రైతు సంఖ్య, లీటర్లు, వెన్న శాతం, పాలు తూచిన సమయం ఒక రికార్డుగా నమోదవుతాయి. ఉదయం పూట సేకరణ ఐదు గంటలకు మొదలవుతుంది. ఏప్రిల్ 1న వరుసలో ముందున్న రైతు 5 గంటల 10 నిమిషాలకు పాలు పోస్తే, అదే వరుసలో వెనుకనున్న రైతు 5 గంటల 40 నిమిషాలకు పోశాడనుకుందాం. డేటాబేస్ నడిచే సర్వర్ గడియారం మాత్రం యూటీసీ అనే సార్వత్రిక సమయాన్ని అనుసరిస్తుంది, అది మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనుక ఉంటుంది. కాబట్టి మొదటి రైతు పాలు సర్వర్ లెక్కలో మార్చి 31 రాత్రి 11 గంటల 40 నిమిషాలకు పోసినట్టు, రెండో రైతు పాలు ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటిన 10 నిమిషాలకు పోసినట్టు ఉంటాయి. ఆ సమయం దాచిన కాలమ్ (పట్టికలోని నిలువు వరుస) నుంచి తేదీని మాత్రమే తీసి రోజువారీ మొత్తం కడితే, ఒకే వరుసలో నిలబడ్డ ఇద్దరు రైతుల పాలు రెండు వేర్వేరు తేదీల్లో పడతాయి. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కనుక రెండు వేర్వేరు ఆర్థిక సంవత్సరాల్లో కూడా పడతాయి.

ఈ పొరపాటు ఎంతకాలమైనా బయటపడకుండా ఉండగలదు. ప్రతిరోజూ తెల్లవారుజామున పోసిన పాలు ముందురోజు ఖాతాకు వెళ్తాయి, ఆ లోటును మరుసటి రోజు తెల్లవారుజామున పోసిన పాలు పూడుస్తాయి. అందువల్ల రోజు మొత్తాలు చూడటానికి సహజంగానే ఉంటాయి, సాయంత్రం పూట లెక్కలో తేడా అసలే ఉండదు, నెల మొత్తం కూడా దాదాపు సరిపోతుంది. పదిహేను రోజులకు ఒకసారి బిల్లు చేసే చోట మాత్రం 1వ తేదీ, 16వ తేదీ ఉదయం ఐదున్నరలోపు పోసిన పాలు పాత బిల్లులోకి జారిపోతాయి. ఆ రెండు రోజులూ తెల్లవారకముందే కేంద్రానికి వచ్చిన రైతు, తన పాసుపుస్తకాన్ని బిల్లుతో సరిచూసుకుంటే తప్ప ఈ లోపం ఎవరికీ కనిపించదు.

తేదీ, సమయాలకు సంబంధించిన ఫంక్షన్లను (డేటాబేస్‌లో సిద్ధంగా ఉండే లెక్క సాధనాలను) వాటి పేర్లు, వాడే తీరు గుర్తుపెట్టుకోవలసిన జాబితాగా నేర్పడం మామూలైపోయింది. పై ఉదాహరణలో తప్పు జరిగింది ఫంక్షన్ తెలియక కాదు. తేదీని విడదీసే ఫంక్షన్ తన పని తాను సరిగానే చేసింది. ఎవరి తేదీని అడుగుతున్నామో క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో, చెప్పకపోవడమే లోపం. కాలానికి సంబంధించిన ఏ కాలమ్ అయినా క్షణాన్ని సూచిస్తుందా, క్యాలెండర్ తేదీని సూచిస్తుందా, గోడ గడియారం చూపే సమయాన్ని సూచిస్తుందా, లేక వ్యవధిని సూచిస్తుందా అన్నది ముందుగా తేలాలి. అది తేలితే ఏ ఫంక్షన్ వాడాలన్నది చాలావరకు దానంతటదే తెలిసిపోతుంది.

క్షణానికీ తేదీకీ ఉన్న తేడా పంచాంగం చూసే అలవాటున్నవారికి కొత్తది కాదు. సూర్యచంద్రుల మధ్య కోణీయ దూరం 12 డిగ్రీలు పెరిగినప్పుడల్లా తిథి మారుతుంది. ఆ మార్పు జరిగే క్షణం భూమి మీద అందరికీ ఒక్కటే. అయితే ఆ క్షణానికి హైదరాబాద్‌లో ఏ తేదీ, డల్లాస్‌లో ఏ తేదీ, ఏ ఊళ్లో సూర్యోదయానికి ఏ తిథి ఉంది అన్నవి స్థలాన్ని బట్టి మారే విషయాలు. అమెరికాలోని తెలుగువారు ఒక పండుగను ఇక్కడి తేదీకి కాక ఒక రోజు అటూఇటూగా జరుపుకోవడానికి కారణం ఇదే. తిథి మారే సమయం క్షణం, పండుగ జరుపుకునే రోజు తేదీ. మొదటిది స్థలంతో పని లేకుండా ఉంటుంది, రెండోది స్థలం తెలియకుండా తేలదు. డేటాబేస్‌లో చెల్లింపు జరిగిన సమయం క్షణమైతే, పుట్టినరోజు తేదీ. పుట్టినరోజును క్షణంగా నిల్వ చేసి, చూపేటప్పుడు టైమ్ జోన్ ప్రకారం మార్చే వ్యవస్థలు మనిషిని ఒక రోజు ముందే పుట్టిస్తాయి.

డేట్, టైమ్, టైమ్‌స్టాంప్, ఇంటర్వెల్ అనే రకాలు డేటాబేస్‌లను ప్రశ్నించే భాష అయిన ఎస్‌క్యూఎల్‌కు 1992లో వచ్చిన ప్రమాణంలోనే ఉన్నాయి. ప్రమాణం ఒకటే అయినా డేటాబేస్‌లు ఆ పేర్లను తమతమ అర్థాల్లో వాడుతున్నాయి. ఒరాకిల్‌లో డేట్ అనే రకంలో తేదీతో పాటు గంటలు, నిమిషాలు, సెకన్లు కూడా ఉంటాయి. అందువల్ల ఒక తేదీకి సమానమైన రికార్డులు కావాలని అడిగితే సరిగ్గా అర్ధరాత్రి నమోదైనవి మాత్రమే వస్తాయి. ట్రంక్ ఫంక్షన్‌తో సమయాన్ని కోసివేయడం ఒరాకిల్ వాడేవారికి రోజూ చేసే పని కావడానికి కారణం ఇదే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టైమ్‌స్టాంప్ అన్న పేరుకు కాలంతో సంబంధమే లేదు, అది రికార్డు మారినప్పుడల్లా పెరిగే ఒక అంతర్గత సంఖ్య. ఎస్‌క్యూలైట్‌లో తేదీకి ప్రత్యేకమైన రకమే లేదు, అక్షరాలుగానో జూలియన్ దిన సంఖ్యగానో (ప్రాచీన కాలం నుంచి వరుసగా లెక్కించే రోజుల సంఖ్య) 1970 నుంచి గడిచిన సెకన్లుగానో దాచుకోవాలి.

మైఎస్‌క్యూఎల్‌లో డేట్‌టైమ్, టైమ్‌స్టాంప్ అని రెండు రకాలున్నాయి. డేట్‌టైమ్ ఇచ్చిన అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా దాస్తుంది. టైమ్‌స్టాంప్ మాత్రం ఆ సెషన్‌కు (డేటాబేస్‌తో అప్పటికి ఉన్న అనుసంధానానికి) పెట్టిన టైమ్ జోన్ ప్రకారం యూటీసీకి మార్చి దాచి, చదివేటప్పుడు మళ్లీ వెనక్కి మారుస్తుంది. రెండోది క్షణానికి తగిన రకమే అయినా దాని పరిధి 2038 జనవరి 19న యూటీసీ 3 గంటల 14 నిమిషాల 7 సెకన్లకు, అంటే మన సమయం ప్రకారం ఆ ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ముగుస్తుంది. ఇది ఇంకా దూరంగా ఉన్న సమస్య అనుకోవడానికి వీల్లేదు. 2024లో తీసుకున్న ఇరవై ఏళ్ల గృహరుణం చివరి వాయిదా 2044లో వస్తుంది, ఆ తేదీ ఈ కాలమ్‌లో పట్టదు.

పోస్ట్‌గ్రెస్‌లో టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్ అనే రకం పేరు చూసి, అందులో టైమ్ జోన్ కూడా దాగి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. అది 8 బైట్లలో యూటీసీ ప్రకారం క్షణాన్ని మాత్రమే దాస్తుంది, టైమ్ జోన్ పేరును రాసేటప్పుడూ చదివేటప్పుడూ మార్పిడి కోసం మాత్రమే వాడుకుంటుంది. హైదరాబాద్ నుంచి నమోదైన రికార్డును, న్యూజెర్సీ నుంచి నమోదైన రికార్డును ఆ కాలమ్ ఆధారంగా వేరుచేయలేం. ఏ ఊరి నుంచి వచ్చిందో కూడా తెలియాలంటే జోన్ పేరుకు మరో కాలమ్ ఉండాలి. ఇదే పేరున్న రకం ఒరాకిల్‌లో మాత్రం జోన్‌ను కూడా దాస్తుంది. ఒక డేటాబేస్ నుంచి మరో డేటాబేస్‌కు సమాచారాన్ని తరలించేటప్పుడు ఇలాంటి తేడాలే ఎక్కువ నష్టం చేస్తాయి, ఎందుకంటే పేర్లు కలిసినప్పుడు అర్థాలు కూడా కలిశాయన్న నమ్మకం కలుగుతుంది.

ఐదున్నర గంటల మార్పిడి

పాల కేంద్రం లెక్కను సరిచేయాలంటే తేదీని విడదీసే ముందు క్షణాన్ని భారత సమయంలోకి మార్చాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఎట్ టైమ్ జోన్ అనే పదబంధం ఈ పని చేస్తుంది. అయితే అది కాలమ్ రకాన్ని బట్టి రెండు వ్యతిరేక దిశల్లో నడుస్తుంది. కాలమ్ జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్ అయితే, ఆ క్షణానికి ఏషియా/కోల్‌కతా (భారత సమయానికి డేటాబేస్‌లు వాడే పేరు) జోన్‌లోని గడియారం ఎంత చూపుతుందో ఇస్తుంది. కాలమ్ జోన్ లేని టైమ్‌స్టాంప్ అయితే, అందులోని అంకెలను కోల్‌కతా గడియారం చూపిన సమయంగా భావించి, దాన్ని క్షణంగా మారుస్తుంది. జోన్ లేని కాలమ్‌లో యూటీసీ సమయాన్ని దాచినవారు దీన్ని ఒక్కసారి మాత్రమే వాడితే, ఐదున్నర గంటలు కలవాల్సిన చోట ఐదున్నర గంటలు తగ్గుతాయి. ఉదయం 5 గంటల 10 నిమిషాలు కావలసింది, యూటీసీ సెషన్‌లో ముందురోజు సాయంత్రం 6 గంటల 10 నిమిషాలుగా కనిపిస్తుంది. సరైన మార్గం ఆ అంకెలు యూటీసీవని మొదట చెప్పి, ఆ తర్వాత కోల్‌కతా సమయం అడగడం. అంటే ఒకే క్వెరీలో ఆ పదబంధం రెండుసార్లు రావాలి.

భారతదేశంలో పనిచేసేవారు రెండు సంఖ్యలను గుర్తుంచుకుంటే మేలు. ఫలితంలో 5 గంటల 30 నిమిషాల తేడా ఉంటే మార్పిడి జరగలేదని అర్థం. 11 గంటల తేడా ఉంటే మార్పిడి తలకిందులుగా జరిగిందని అర్థం. పోస్ట్‌గ్రెస్‌లో జోన్ పేరుకు బదులు యూటీసీ పక్కన ప్లస్ గుర్తుతో 5:30 అని రాస్తే కూడా ఇదే 11 గంటల తేడా వస్తుంది. అక్కడ ఆ రూపం పోసిక్స్ (యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం) సంప్రదాయాన్ని అనుసరిస్తుంది, ఆ సంప్రదాయంలో ప్లస్ గుర్తుకు గ్రీన్‌విచ్‌కు పడమర అని అర్థం. మైఎస్‌క్యూఎల్‌లోని కన్వర్ట్ టీజెడ్ ఫంక్షన్‌లో ప్లస్ 5:30 అంటే తూర్పే. అయితే ఆ ఫంక్షన్‌కు జోన్‌ను పేరుతో ఇవ్వాలంటే సర్వర్‌లో టైమ్ జోన్ పట్టికలు ముందుగా నింపి ఉండాలి. నింపకపోతే అది తప్పు చూపకుండా నల్ (ఖాళీ విలువ) ఇస్తుంది, రోజువారీ నివేదికలో రికార్డులన్నీ తేదీ లేని ఒకే గుంపులో పోగుపడతాయి.

స్థిరమైన 5:30 అంకె చాలదా, పేరు ఎందుకు అన్న ప్రశ్న సహజం. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గరగా వచ్చి మన కాకినాడకు సమీపంగా సాగి సముద్రంలోకి వెళ్తుంది. దేశమంతటికీ ఒకే జోన్, గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు జరిపే పద్ధతి కూడా లేదు. కనుక ఇటీవలి సమాచారానికి అంకె ఇచ్చినా, పేరు ఇచ్చినా ఫలితం ఒక్కటే. పాత సమాచారానికి అలా కాదు. ఈ సమయం 1906 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, దానికి ముందు రైళ్లు మద్రాసు సమయం ప్రకారం నడిచేవి, అది గ్రీన్‌విచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందుండేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ మధ్య వరకు గడియారాలను గంట ముందుకు జరిపారు. 1943లో పుట్టినవారి జాతకం వేసేటప్పుడు జ్యోతిషులు ఆ గంటను తీసివేసే సంగతి కొందరు పెద్దలకు ఇప్పటికీ గుర్తుంటుంది. ఏషియా/కోల్‌కతా అన్న పేరు వెనుక టైమ్ జోన్ల డేటాబేస్‌లో ఈ చరిత్ర అంతా ఉంది, అందువల్ల పేరుతో అడిగితే 1943 నాటి క్షణానికి ఆరున్నర గంటల తేడా దానంతటదే లెక్కకు వస్తుంది. 5:30 అన్న అంకెకు ఆ చరిత్ర తెలియదు.

మార్పిడి ఎంత సరిగా చేసినా, పాల కేంద్రానికి ఇంకా మంచి మార్గం మరొకటి ఉంది. పాలు తూచిన క్షణాన్ని ఒక కాలమ్‌లోనూ, ఆ పాలు ఏ తేదీ లెక్కకు, ఏ పూట లెక్కకు చెందుతాయో మరో రెండు కాలమ్‌లలోనూ రాసుకోవాలి. పూట అన్నది గడియారం నిర్ణయించేది కాదు. కరెంటు పోయి సాయంత్రం సేకరణ రాత్రి పొద్దుపోయే దాకా సాగినా అది సాయంత్రం పూటే. లెక్క తేదీని టైమ్‌స్టాంప్ నుంచి ప్రతిసారీ తవ్వి తీయడం కంటే, నమోదు సమయంలోనే నిర్ణయించి దాచడం క్వెరీని సులువు చేస్తుంది, వివాదం వచ్చినప్పుడు చూపడానికీ పనికొస్తుంది. బ్యాంకులు లావాదేవీ జరిగిన సమయాన్ని, దాన్ని లెక్కలోకి తీసుకునే తేదీని విడివిడిగా ఉంచడంలోని తర్కం కూడా ఇదే.

నెల చివరి రోజు ఎక్కడ ముగుస్తుంది

రెండు తేదీల మధ్య ఉన్న రికార్డులు కావాలంటే బిట్వీన్ అనే పదం రాయడం అందరికీ అలవాటు. కాలమ్‌లో తేదీ మాత్రమే ఉంటే అందులో దోషం లేదు. కాలమ్‌లో సమయం కూడా ఉంటే మార్చి 1కి మార్చి 31కి మధ్య అని అడిగినప్పుడు, ఆ మార్చి 31 అన్నది ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి అవుతుంది. నెల చివరి రోజు మొత్తం లెక్కలోంచి జారిపోతుంది. దీన్ని గమనించినవారు చివర 23:59:59 తగిలిస్తారు, దానితో ఆఖరి సెకనులోని భిన్నాలు మిగిలిపోతాయి. ఇంకా జాగ్రత్తపడినవారు 23:59:59.999 అని రాస్తారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని పాత డేట్‌టైమ్ రకం సెకనులో మూడువందల వంతు వరకే కొలవగలదు, మిల్లీసెకన్ల స్థానం 0, 3, 7 అంకెల్లో ఒకదానికే సర్దుకుంటుంది. అందుకని అక్కడ ఆ 999 పైకి సర్దుకుని మరుసటి రోజు అర్ధరాత్రి అవుతుంది, సరిగ్గా ఏప్రిల్ 1 అర్ధరాత్రి నమోదైనవన్నీ మార్చి లెక్కలోకి వచ్చేస్తాయి. తేదీని మాత్రమే దాచే పద్ధతిలో నడిచే పట్టికల్లో సమయమంతా 00:00:00గానే ఉంటుంది కనుక, అలాంటి చోట ఏప్రిల్ 1 మొత్తం రెండు నెలల్లోనూ కనిపిస్తుంది.

ఈ చిక్కులన్నింటికీ ఒకే మందు ఉంది. మొదలు మార్చి 1కి సమానం లేదా ఎక్కువ, చివర ఏప్రిల్ 1 కంటే తక్కువ అని రాయాలి. కొలత సూక్ష్మత సెకనైనా మైక్రోసెకనైనా ఈ రూపం మారదు, నెలకు 28 రోజులున్నా 31 రోజులున్నా మారదు, ఒక నెల ముగిసిన చోటే మరో నెల మొదలవుతుంది కనుక ఏ రికార్డూ రెండింట్లో పడదు, రెండింటికీ బయట మిగలదు. తేదీ లెక్కల్లో ఒక్క అలవాటునే నేర్పగలిగితే దీన్నే నేర్పాలి.

దీనివల్ల వేగం కూడా పెరుగుతుంది. కాలమ్ మీద డేట్ ఫంక్షన్‌ను ప్రయోగించి ఆ ఫలితాన్ని ఒక తేదీతో పోల్చితే, డేటాబేస్ ప్రతి రికార్డుకూ ఆ ఫంక్షన్‌ను లెక్కించాల్సి వస్తుంది, కాలమ్ మీద ఉన్న మామూలు ఇండెక్స్ (రికార్డులను త్వరగా వెతకడానికి కట్టుకునే సూచిక) సాధారణంగా పనికిరాదు. కాలమ్‌ను ముట్టుకోకుండా వదిలేసి, పోల్చే హద్దులనే ముందుగా లెక్కగడితే ఇండెక్స్ నేరుగా ఆ భాగానికి వెళ్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఫంక్షన్ ఫలితం మీదే ఇండెక్స్ కట్టే సౌకర్యం ఉంది. అయినా జోన్‌తో కూడిన టైమ్‌స్టాంప్‌ను తేదీగా మార్చే మామూలు మార్పిడి మీద అది ఇండెక్స్ కట్టనివ్వదు, ఎందుకంటే ఆ ఫలితం సెషన్ టైమ్ జోన్‌ను బట్టి మారుతుంది. ఈ నిరాకరణ అడ్డంకిలా అనిపించినా, నిజానికి అది ఎవరి తేదీ అన్న ప్రశ్ననే మళ్లీ అడుగుతోంది.

ఒక నెల అంటే ఎన్ని రోజులో ఎవరూ చెప్పలేరు, అందుకే నెలలను కలిపే లెక్కలో డేటాబేస్‌లు తలో దారి పట్టాయి. 2024 జనవరి 31కి ఒక నెల కలిపితే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఫిబ్రవరి 29 ఇస్తాయి. ఎస్‌క్యూలైట్ మామూలుగా ఫిబ్రవరి 31 అన్న లేని తేదీని ముందుకు దొర్లించి మార్చి 2 ఇస్తుంది. ఒరాకిల్‌లో ఇంటర్వెల్‌ను కలిపితే అలాంటి తేదీ లేదని లోపం చూపుతుంది, యాడ్ మంత్స్ ఫంక్షన్‌ను వాడితే ఫిబ్రవరి 29 ఇస్తుంది. ఆ యాడ్ మంత్స్‌కు మరో నియమం ఉంది, ఇచ్చిన తేదీ నెలలో ఆఖరి రోజైతే ఫలితం కూడా ఆఖరి రోజే కావాలి. అందుకని ఫిబ్రవరి 29కి ఒక నెల కలిపితే ఒరాకిల్ మార్చి 31 అంటుంది, పోస్ట్‌గ్రెస్ మార్చి 29 అంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో రుణ వాయిదాల తేదీలు తయారుచేసేటప్పుడు గత వాయిదాకు ఒక నెల చొప్పున కలుపుకుంటూ పోతే, ఫిబ్రవరిలో ఒకసారి 29కి దిగిన తేదీ ఆ తర్వాత 31కి ఎన్నటికీ తిరిగిరాదు. మొదటి తేదీని అలాగే ఉంచి దానికి రెండు నెలలు, మూడు నెలలు అని కలిపితే మార్చి 31 మార్చి 31గానే వస్తుంది.

తేడాలను కొలిచే ఫంక్షన్లలో పేరు ఒకటై పని వేరైన ఉదాహరణ డేట్‌డిఫ్. మైఎస్‌క్యూఎల్‌లో అది రోజులను మాత్రమే లెక్కిస్తుంది, ముందు ముగింపు తేదీని ఇవ్వాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ముందు కొలమానం, తర్వాత ప్రారంభ తేదీ, ఆ తర్వాత ముగింపు తేదీ ఇవ్వాలి. పైగా అక్కడ అది గడిచిన కాలాన్ని కాక దాటిన హద్దులను లెక్కిస్తుంది. 2006 డిసెంబర్ 15న పుట్టిన యువతికి 2024 జనవరి 1 నాటికి ఎన్నేళ్లని సంవత్సరాల్లో అడిగితే 18 అని చెబుతుంది, నిజానికి ఆమెకు 17 ఏళ్లే నిండాయి. ఓటరు నమోదుకు జనవరి 1 ఒక అర్హతా తేదీ కనుక, ఇలాంటి లెక్క మీద ఆధారపడితే అర్హత లేనివారిని జాబితాలో చేర్చినట్టవుతుంది. మైఎస్‌క్యూఎల్‌లోని టైమ్‌స్టాంప్‌డిఫ్ నిండిన సంవత్సరాలనే లెక్కిస్తుంది, పోస్ట్‌గ్రెస్‌లో ఏజ్ ఫంక్షన్ సంవత్సరాలు, నెలలు, రోజులుగా విడమరిచి చెబుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆ ఏడాది పుట్టినరోజు ఇంకా రాకపోతే ఒకటి తగ్గించే షరతును క్వెరీలోనే రాసుకోవాలి.

ఆర్థిక సంవత్సరాన్ని కనుక్కోవడానికి పెద్ద షరతులేమీ అక్కర్లేదు. తేదీలోంచి మూడు నెలలు తీసివేసి మిగిలినదానిలో సంవత్సరాన్ని చూస్తే చాలు, 2025 మార్చి 31 డిసెంబర్ 31కి వెళ్లి 2024 అవుతుంది, 2025 ఏప్రిల్ 1 జనవరి 1కి వెళ్లి 2025 అవుతుంది. వారాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణ పద్ధతిలో వారం సోమవారంతో మొదలవుతుంది, ఏడాదిలో మొదటి గురువారం ఉన్న వారమే మొదటి వారం. ఆ లెక్కన 2024 డిసెంబర్ 30 అన్నది 2025వ సంవత్సరపు మొదటి వారంలో ఉంది. వారం సంఖ్యను ఐఎస్ఓ పద్ధతిలోనూ సంవత్సరాన్ని మామూలు పద్ధతిలోనూ తీసుకుని జతచేస్తే, ఆ రోజు అమ్మకాలు 2024 మొదటి వారంలో, అంటే ఏడాది వెనక్కి పోయి కూర్చుంటాయి.

తేదీలను అక్షరాలుగా దాచడం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, దాచకూడదు. అయినా ఎక్సెల్ ఫైళ్ల నుంచి, పాత సాఫ్ట్‌వేర్ నుంచి తేదీలు అక్షరాలుగానే వస్తుంటాయి. 03/04/2025 మనకు ఏప్రిల్ 3, అమెరికా పద్ధతికి మార్చి 4. రోజు 12 దాటితే సర్వర్ నెలగా అంగీకరించక లోపం చూపుతుంది, తప్పు అక్కడే దొరుకుతుంది. ప్రతి నెలలో మొదటి 12 రోజులకు ఆ రక్షణ లేదు. రోజు, నెల ఒకే అంకె అయిన 12 తేదీలను పక్కన పెడితే, ఏడాదిలో 132 తేదీలు మరో తేదీగా మారిపోయి చప్పుడు చేయకుండా లోపలికి వస్తాయి. ఏడాది ముందు, నెల తర్వాత, రోజు చివర రాసే పద్ధతి సాధారణంగా సురక్షితం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని పాత డేట్‌టైమ్ రకం మాత్రం, భాషా అమరిక బ్రిటిష్ అయినప్పుడు 2024-03-04ను కూడా ఏడాది, రోజు, నెల అని చదివి ఏప్రిల్ 3 చేస్తుంది. మధ్య గీతలు లేకుండా 20240304 అని ఇస్తే అక్కడ ఏ అమరికలోనైనా మార్చి 4గానే చదువుతుంది. ఒరాకిల్‌లో అక్షరాలను తేదీగా మార్చే టు డేట్‌కు ఇచ్చే నమూనాలో నిమిషాలకు ఎంఐ, నెలకు ఎంఎం అని రాయాలి. టు క్యార్‌తో సమయాన్ని చూపేటప్పుడు నిమిషాల చోట ఎంఎం రాస్తే, ఏప్రిల్ నెలంతా ప్రతి సమయంలోనూ నిమిషాల స్థానంలో 04 కనిపిస్తుంది.

ఇప్పుడు సమయమెంత అన్న ప్రశ్నకు కూడా డేటాబేస్‌లో ఒకే జవాబు లేదు. పోస్ట్‌గ్రెస్‌లో నౌ ఫంక్షన్ ట్రాన్సాక్షన్ (ఒకే మొత్తంగా నడిచే పనుల సమూహం) మొదలైన క్షణాన్ని ఇస్తుంది, ఆ ట్రాన్సాక్షన్ గంటసేపు నడిచినా అదే క్షణం వస్తుంది. నిజమైన గడియార సమయం కావాలంటే క్లాక్ టైమ్‌స్టాంప్‌ను పిలవాలి. మైఎస్‌క్యూఎల్‌లో నౌ ఆ ఎస్‌క్యూఎల్ వాక్యం నడవడం మొదలైన సమయాన్ని ఇస్తుంది, సిస్‌డేట్ పిలిచిన క్షణాన్ని ఇస్తుంది. రాత్రి 11 గంటల 50 నిమిషాలకు మొదలై అర్ధరాత్రి దాటాక ముగిసే లెక్కల పని తన రికార్డులన్నింటికీ ఒకే తేదీ వేయాలా, రెండు తేదీలు వేయాలా అన్నది ఈ ఎంపిక మీదే ఆధారపడుతుంది. అలాంటి పనికి తేదీని గడియారం నుంచి తీసుకోవడం కంటే, ఏ తేదీకి లెక్క కడుతున్నామో బయటి నుంచి ఇవ్వడం మేలు, అప్పుడు విఫలమైన పనిని మర్నాడు మళ్లీ నడిపినా ఫలితం మారదు.

రాబోయే కాలాన్ని దాచేటప్పుడు ఇంతవరకు చెప్పిన ఒక సూత్రాన్ని సవరించాలి. జరిగిపోయిన సంఘటనకు క్షణమే సరైన రూపం. జరగబోయే దానికి అలా కాకపోవచ్చు. డల్లాస్‌లోని పిల్లలకు హైదరాబాద్ నుంచి ప్రతి ఆదివారం ఉదయం 9 గంటలకు, వాళ్ల సమయం ప్రకారం, తెలుగు పాఠం చెప్పే ఉపాధ్యాయురాలిని ఊహించుకోవచ్చు. 2025 మార్చి 2న ఆ పాఠం మన సమయంలో రాత్రి 8 గంటల 30 నిమిషాలకు ఉంది. అమెరికాలో గడియారాలను గంట ముందుకు జరిపిన రోజు మార్చి 9, ఆ రోజు నుంచి అదే ఉదయం 9 గంటలు మన సమయంలో రాత్రి 7 గంటల 30 నిమిషాలు అవుతుంది. మొదటి పాఠానికి 168 గంటల చొప్పున కలుపుకుంటూ ఏడాది పాఠాలన్నీ యూటీసీలో ముందే తయారుచేసి పెట్టుకుంటే, మార్చి 9న డల్లాస్ పిల్లలకు పాఠం 10 గంటలకని కనిపిస్తుంది, ఉపాధ్యాయురాలు 8 గంటల 30 నిమిషాల కోసమే ఎదురుచూస్తుంటారు. పోస్ట్‌గ్రెస్‌లో సెషన్ జోన్‌ను డల్లాస్ సమయానికి వాడే పేరైన అమెరికా/షికాగోగా పెట్టి, 168 గంటలకు బదులు 7 రోజులని కలిపితే అది గోడ గడియారాన్ని అనుసరించి 9 గంటలనే నిలుపుతుంది. అక్కడ 7 రోజులు కలపడం, 168 గంటలు కలపడం ఒకటి కాదు.

ఆ పాఠం విషయంలో ఇరువురూ ఒప్పుకున్నది ఒక క్షణం మీద కాదు, డల్లాస్ గడియారంలోని 9 గంటల మీద. అందుకని పట్టికలో దాచవలసినవి ఆదివారం తేదీ, ఉదయం 9 గంటలన్న సమయం, అమెరికా/షికాగో అన్న జోన్ పేరు. యూటీసీ క్షణాన్ని వాటి నుంచి పాఠం దగ్గరపడినప్పుడు లెక్కగట్టుకోవచ్చు. అక్కడి ప్రభుత్వం గడియారాలను జరిపే నియమాన్ని ఎప్పుడైనా మారిస్తే, సర్వర్‌లోని టైమ్ జోన్ల సమాచారాన్ని తాజా పరిస్తే చాలు, పాఠాల పట్టికలో ఒక్క రికార్డును కూడా దిద్దవలసిన పని ఉండదు.